పెరిగినంత బెల్లం

ముందే ఒప్పేసుకుంటే ఒక గొడవ వదిలిపోతుంది. నేను కోతలు కోస్తాను. ఇది ఇవాళ కొత్తగా పట్టిన జబ్బు కాదు. పెళ్ళిచూపుల్లోనే మా ఆవిడతో, కృష్ణకి వరదొస్తే మా ఇంటి డాబా మీద నిలబడి చేపలు పట్టామని చెప్పాను. అప్పటికి మా ఇంటికి డాబాయే లేదు. వరద వచ్చిన మాట నిజం, చేప కూడా నిజం, డాబా ఒక్కటే నేను కట్టింది. నా మాటలెప్పుడూ ఇంతే. పునాది గట్టిగానే ఉంటుంది, పై అంతస్తులే మునిసిపాలిటీ అనుమతి లేకుండా లేస్తాయి.

కాబట్టి చదివేవాళ్ళు ఎవరికి తోచినంత తరుగు వాళ్ళు తీసేసుకోవచ్చు. నాది బెల్లం వ్యాపారం, తరుగు మాకు కొత్త కాదు. విజయవాడ హోల్‌సేల్ మార్కెట్ వీధిలో కొట్టు మా నాన్న పెట్టాడు, నేను కూర్చున్నాను. నోటితో ఎంతైనా పెంచుతాను గానీ కాటా మీద మాత్రం చిటికెడు పెంచను. ఆ విషయంలో మా నాన్న నా చిన్నప్పుడే తేల్చేశాడు. "నోరు నీదిరా, ఏమన్నా చేసుకో. కాటా ఎదుటివాడిది" అన్నాడు. అందుకని ఈ కథలో ఎక్కడ తూకం మాట వచ్చినా అక్కడ తరుగు తియ్యకండి.

మా కొట్టు ముందు ఒకావిడ ఇడ్లీ బండి పెట్టుకుంది. ఆవిడ పాత్ర మూత తీస్తే వచ్చే ఆవిరికి వీధి మొత్తం మాయమైపోయేది. లారీల దగ్గర ముఠాకూలీలు బస్తాలు తడుముకుంటూ దింపేవాళ్ళు. ఇక అల్లం చట్నీ సంగతి చెప్పాలంటే, ఆ వాసనకి రైల్వే జంక్షన్‌లో ఆగాల్సిన పని లేని గూడ్సుబళ్ళు కూడా ఆగి, కాసేపు ఆలోచించుకుని బయల్దేరేవి. నాకంటే నాలుగేళ్ళు పెద్దది కాబట్టి నేను అక్కా అనేవాణ్ణి, ఆవిడ తమ్ముడూ అనేది. రక్తసంబంధం ఏమీ లేదు. చట్నీ సంబంధమే.

అక్కకి ఒక్కతే కూతురు. బట్టల కొట్లో చీరలు చూపించే ఉద్యోగం. అల్లుడు ఆటో తోలతాడు. వాళ్ళకో పాప. ఆ పాప గురించే ఈ మాటలన్నీ.

పోయినేడు ఎండాకాలంలో పాపకి విరేచనాలు పట్టుకున్నాయి. తగ్గినట్టే తగ్గడం, మళ్ళీ రావడం. మధ్యలో నీళ్ళు కలిపిన పాలు, మధ్యలో సగ్గుజావ. ఒకరోజు అక్క పాపని బండి కింద గోనెసంచి మీద పడుకోబెట్టి ఉంటే చూశాను. ఇలాంటి చోట మామూలుగా నేను విజృంభిస్తాను. కానీ ఆ రోజు నేను పెంచడానికి ఏమీ దొరకలేదు. తొడల కన్నా మోకాళ్ళు లావుగా ఉన్నాయి. మొహం ముసలివాళ్ళ మొహంలా ఉంది. ఈగ వాలితే విదిలించుకోలేదు, ఏడవలేదు. అంగన్‌వాడీ టీచర్ గారు వచ్చి పాప జబ్బకి రంగుల పట్టీ చుట్టి చూసి, వెంటనే ఆటో పిలిచారు. పెద్దాసుపత్రిలో ఇలాంటి పిల్లల కోసమే ఉన్న వార్డులో తల్లినీ పిల్లనీ ఉంచుకుని, గంటకింతని పాలు పట్టి, తర్వాత ముద్దలు పెట్టి, పిల్లని మళ్ళీ పిల్లని చేసి పంపారు.

తిరిగొచ్చిన రోజు వీధిలోకి ముందు బుగ్గలొచ్చాయి, వెనకాల పాప వచ్చింది.

పాప ఆసుపత్రిలో ఉండగానే అక్క, పిల్ల దక్కితే ఎత్తు బెల్లం ఇచ్చుకుంటానని కొండ మీద అమ్మవారికి మొక్కుకుంది. బెల్లం అన్నాక నా దగ్గరికి రాక తప్పదు. మా కొట్లో మా నాన్న నాటి తక్కెడ ఒకటి అటక మీద పడి ఉంది. ఇప్పుడంతా కరెంటు కాటాలే కదా, దాన్నెవరూ పట్టించుకోవడం లేదు. దించి, చింతపండు పెట్టి తోమించి, దూలానికి వేలాడగట్టాను. ఆ పళ్ళేలు ఎంతంటే, ఒకదాంట్లో నేను పడుకుని రెండోదాంట్లో మా బావమరిదిని పడుకోబెట్టవచ్చు. ఒక పళ్ళెంలో తువ్వాలు మడిచి వేసి పాపని కూర్చోబెట్టాం. రెండో పళ్ళెంలో ఉయ్యూరు వైపు నుంచి వచ్చిన మేలురకం బెల్లం దిమ్మలు వేస్తూ పోయాను. ముల్లు నడిమికొచ్చి నిలబడింది. అక్క కళ్ళకద్దుకుని ఆ బెల్లం నెత్తిన పెట్టుకుని కొండెక్కింది. మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కిందని, వెనకాల పరిగెత్తిన అల్లుడికే ఆయాసం వచ్చిందని అంటారు. అంటారు అంటే నేనే అంటాను.

గొడవ ఆ తర్వాత మొదలైంది. టీచర్ గారు నెలనెలా పాపని తీసుకొచ్చి తూయించమన్నారు. అక్క ససేమిరా అంది. మా కొట్టు ముందే జరిగింది ఆ వాదన.

"తూచాంగా టీచరమ్మా. పిల్ల బాగుంది. బాగున్న పిల్లని మళ్ళీ మళ్ళీ తూస్తే కళ్ళు పడవూ?"

"కళ్ళేంటండీ, మిషనే కదా."

"మిషను చూసి చెప్పేది మీరేగా. గుమ్మడి పిందెకి వేలు చూపిస్తే ఏమవుద్దో మీకు తెలీదా? కుళ్ళిపోద్ది."

"పాప పిందె కాదండీ."

"పిందె కాకపోతే పండా?"

దీనికి టీచర్ల శిక్షణలో జవాబు నేర్పినట్టు లేదు. ఆవిడ మా కొట్లోకి వచ్చి, ఇంటికి అరకిలో బెల్లం కట్టించుకుంటూ నాతో వెళ్ళబోసుకున్నారు.

"జబ్బుగా ఉన్న పిల్ల కంటే బాగై వచ్చిన పిల్లంటేనే నాకు భయమండీ. జబ్బుగా ఉంటే అందరూ కళ్ళల్లో పెట్టుకుని చూస్తారు. బాగైందనగానే తలా ఒక వైపు తిరిగిపోతారు. ఈ మొదటి నెలల్లో ఒక్క జ్వరమో, విరేచనాలో పట్టాయంటే మళ్ళీ జారిపోతారండీ. చూస్తూ ఉంటే మొదట్లోనే పట్టుకోవచ్చు. చూడనివ్వదే ఆవిడ!"

"అయితే నన్నేం చెయ్యమంటారు?"

"మీరు చెబితే వింటుందండీ. మీరేం చెప్పినా వీధంతా నమ్ముద్దిగా."

"నమ్మరండీ. వింటారు. రెండూ వేరు" అన్నాను. కానీ ఆవిడ వెళ్ళాక ఆ మాట లోపల తిరుగుతూనే ఉంది. కోయడానికే పుట్టిన నోటికి ఇన్నాళ్ళకి ఒక పని దొరికినట్టుంది.

మర్నాడు పొద్దున బండి దగ్గర స్టూలు మీద కూర్చుని, మొదటి ఇడ్లీ తుంచుతూ అందుకున్నాను.

"అక్కా, మొక్కు తీర్చేశావా?"

"తీర్చలా? నీ తక్కెడ మీదేగా. రాత్రేమన్నా దెబ్బ తగిలిందా తలకి?"

"అది మొదటి విడత. మిగతావి ఎప్పుడని?"

"విడతలేంటి తమ్ముడూ? ఇదేమన్నా చీటీపాటా?"

"నీకు తెలీదా అయితే? మా ఉయ్యూరు వైపు ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన పిల్లకి మొక్కు ఒక్కసారితో తీరదు. ఏడాది నిండేదాకా ప్రతి పున్నానికీ ఎత్తు చూపించాలి. లేకపోతే అమ్మవారు ఏమనుకుంటుంది? బతికించేదాకా నా కాళ్ళు పట్టుకున్నారు, బతికాక ఒక్కసారన్నా పిల్లని తెచ్చి చూపించారా అనుకోదూ? మా నాయనమ్మ అయితే మా మేనత్తని అట్టాగే తూయించింది. ఎడ్లబండి మీద తక్కెడ కట్టుకుని వెళ్ళేవాళ్ళు."

మా నాయనమ్మకి ఎడ్లబండీ లేదు, తక్కెడా లేదు. ఆచారం అంతకన్నా లేదు. ఇడ్లీ తుంచిన దగ్గర్నుంచి నోట్లో పెట్టుకునేలోపు పుట్టిన ఆచారమది.

అక్క గరిటె పక్కన పెట్టి నన్ను తేరిపార చూసింది.

"ఓహో. అంటే నెలనెలా పిల్లెత్తు బెల్లం."

"అంతే."

"అది నీ కొట్లోనే కొనాలి."

"ఎక్కడైనా..."

"అమ్మవారికా తమ్ముడూ మొక్కు, నీ కొట్టుకా?"

బండి చుట్టూ తింటున్న వాళ్ళంతా పొలమారేట్టు నవ్వారు. ముఠామేస్త్రీ చెయ్యి కడుక్కుంటూ, "ఇంకేం, ఈ దసరాకి షావుకారు గారు లారీ కొనేస్తారు" అన్నాడు. నేను ఇరుక్కుపోయాను. అయితే నా గురించి నాకు తెలిసిన సంగతి ఒకటుంది. నా ఉత్తమమైన కోతలన్నీ మూల ఇరుకులో పడ్డాకే వస్తాయి.

"తొందరపడి మాటనకు అక్కా. మొత్తం ఎత్తు ఎవరడిగారు? పెరిగినంతే. పోయిన నెల ఎత్తుకి తూగిన బెల్లం మా కొట్లో అట్టాగే ఉంటుంది. దాన్ని ఒక పళ్ళెంలో వేస్తాం, పిల్లని రెండోదాంట్లో కూర్చోబెడతాం. పిల్ల ఎంత పెరిగితే అంత బెల్లం ముక్క కలుపుతాం. ఆ ముక్క పాటి బెల్లమే అమ్మవారికి. పెరిగినంత బెల్లం. దాని పేరే అది."

"మరి పెరక్కపోతే?"

"పెరక్కపోతే ఆ నెల అమ్మవారికి బెల్లం లేదు."

నేను తేలిగ్గానే అన్నాను. అక్క మాత్రం చట్నీ గిన్నె దగ్గరికి లాక్కుంది. చట్నీ కలుపుతూ కలుపుతూ, "అమ్మని పస్తు పెట్టకూడదు" అంది. రోజూ వీధివీధంతటికీ వడ్డించే మనిషి ఆవిడ. ఎవరినైనా పస్తు ఉంచడమంటే ఆవిడకి ఎంత నామోషీయో నాకప్పుడు అర్థమైంది. "కానీ, అది తూకం కాదు. మొక్కు. టీచరమ్మ వచ్చి పక్కన నిలబడితే నిలబడనీ, అంకెలు మాత్రం పైకి చదవకూడదు" అని షరతు పెట్టింది.

గుడికి వెళ్ళిన బెల్లం వెళ్ళిపోయింది కాబట్టి అంతే తూగే బెల్లం విడిగా తీసి, కవరులో బిగించి, రేకు డబ్బాలో పెట్టి, మూతకి పసుపు బొట్టు పెట్టాను. మా కొట్లో పాప బెల్లం అంటే అదే. లారీ సరుకంతా పోయినా దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు.

మొదటి పున్నానికి పాప కూర్చున్న పళ్ళెం జుయ్యిమని కిందికి దిగింది. ఆ ఊపుకి రెండో పళ్ళెంలో బెల్లం ఎగిరి దూలానికి తగిలింది. సరే, తగల్లేదు, కానీ దిగిన మాట వాస్తవం. చిన్న చిన్న ముక్కలు కలుపుతూ ముల్లుని నడిమికి తెచ్చాను. ఆ బెల్లాన్ని కరెంటు కాటా మీద పెట్టి అంకె తన వైపు తిప్పితే, టీచర్ గారు మనసులోనే చదువుకుని, సంచిలోంచి కార్డు తీసి అటు తిరిగి రాసుకున్నారు. మరుసటి పున్నానికీ అంతే. ఆ సరికి అది మార్కెట్ వేడుక అయిపోయింది. మిరపకాయల కొట్టాయన తుమ్ములు ఆపుకుని మరీ వచ్చి నిలబడ్డాడు. పసుపు కొమ్ముల సాయిబు గారు, "మా ఊళ్ళో ఈ రివాజు లేదే, బాగుంది భాయ్" అని మెచ్చుకున్నారు. మా ఊళ్ళోనూ లేదని ఆయనకి చెప్పలేదు.

శ్రావణమాసం వచ్చింది. అంటే చీరల కొట్టుకి జాతర. అక్క కూతురు పొద్దున వెళ్తే దీపాలు పెట్టాక తిరిగి రావడం. పాప రోజంతా బండి దగ్గరే. వీధి మొత్తానికి ఇప్పుడది ముద్దుల పిల్ల. తప్పటడుగులు వేసుకుంటూ ఏ కొట్టు ముందు నిలబడితే ఆ కొట్టు వాళ్ళు ఏదో ఒకటి చేతిలో పెట్టేవాళ్ళు. టీ కొట్టు దగ్గర టీలో ముంచిన బన్ను. కిళ్ళీకొట్టు దగ్గర చిప్స్ పొట్లం. ముఠావాళ్ళ దగ్గర బిస్కెట్టు. మా కొట్టు దగ్గర ఏం పెట్టేవాళ్ళో చెప్పక్కర్లేదు. ఆసుపత్రిలో ఆకలితో కొట్టుకున్న పిల్ల కదా, ఇక దానికి ఆకలన్నదే వెయ్యనివ్వకూడదని వీధి అంతా కంకణం కట్టుకుంది. నిజంగానే వెయ్యనివ్వలేదు. మధ్యాహ్నం అక్క పప్పన్నం కలిపి తెస్తే పాప మూతి తిప్పేసేది. "తింటానే ఉంది పొద్దుటేల నుంచి" అని అక్క తృప్తిపడేది. మధ్యలో నాలుగు రోజులు విరేచనాలు కూడా అయ్యాయి. పళ్ళొస్తున్నాయిలే అన్నారు.

ఆ పున్నానికి పాపని కూర్చోబెట్టి, పాప బెల్లం రెండో పళ్ళెంలో పెట్టి చెయ్యి వదిలాను.

బెల్లం కిందికి దిగింది. పాప పైకి లేచింది.

తను పైకి పోయినందుకు పాప ఒక్కతే నవ్వింది. మిరపకాయల కొట్టాయన తుమ్మడం కూడా మానేశాడు. అక్క ముల్లు వంక చూసింది, నా వంక చూసింది. "సరిగ్గా కూచోలేదు తమ్ముడూ" అని పాపని సర్దింది. మళ్ళీ అంతే. తువ్వాలు తీసేశామేమో చూసింది. ఉంది. అప్పుడు నా దగ్గరికి జరిగి, ఎవరికీ వినపడకుండా, "కాస్త చూడు తమ్ముడూ" అంది.

ఆ మాట ఏ వ్యాపారికైనా అర్థమవుతుంది. పళ్ళెం అంచు నా బొటనవేలికి తగుల్తూనే ఉంది. కాస్త ఆనిస్తే చాలు, అమ్మవారికి బెల్లం ముక్క దక్కుతుంది, అక్క మొహం నిలబడుతుంది, వేడుక పూర్తవుతుంది. పుట్టి బుద్ధెరిగాక అబద్ధం ఇంత దగ్గరగా, ఇంత సులువుగా నాకెప్పుడూ రాలేదు. చెయ్యి వెనక్కి తీసి జేబులో పెట్టుకున్నాను.

"తగ్గింది అక్కా" అన్నాను.

"పిల్ల తగ్గలా. బెల్లం పెరిగింది. వానాకాలం, చెమ్మ లాగుద్ది బెల్లం. బెల్లం కొట్టు పెట్టుకుని నీకది తెలీదా?"

ఇందులో న్యాయముంది. వానల్లో బెల్లం చెమ్మ పట్టి నీరు కారుతుంది. అందుకే నేను కవరులో బిగించింది. ఆ కవరుని తీసి కరెంటు కాటా మీద పెట్టాను. పోయిన పున్నానికి ఎంత ఉందో అంతే ఉంది. ఈసారి అంకె అందరికీ ఎర్రగా కనపడుతోంది, ఎవరూ పైకి చదవలేదు.

అక్క పాపని చంకనెత్తుకుంది. "నువ్వు తూచబట్టే. వద్దు వద్దంటే వేడుక చేశావు. ఇంతమంది కళ్ళ ముందు పళ్ళెంలో కూచోబెట్టి ఊపావు నా పిల్లని. పిందెకి వేలు చూపించింది నువ్వు!" అంటూ వెళ్ళిపోయింది.

మర్నాటికి బండి మా కొట్టు ముందు లేదు. వీధి చివర, ఆటో స్టాండు దగ్గర పెట్టింది. ముఠావాళ్ళు నన్ను మనిషిని చూసినట్టు చూడటం మానేశారు. ఇంటి దగ్గర మా ఆవిడ ఉప్మా చేసి, "అక్కగారు వెళ్ళగొట్టారుగా, తినండి ఇక" అంది. ఆ ఉప్మాతో గోడకి మేకు దిగగొట్టవచ్చు. ఇదంతా నేను నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ పూటల్లో నాకు అన్నిటికన్నా కనపడుతున్నది బండి కింద గోనెసంచి, దాని మీద ఈగ వాలినా కదలని పిల్ల. జారుడు మొదలైంది, అక్క తలుపేసుకుంది. టీచర్ గారు ఇంటికి వెళితే పాప నిద్రపోతోందని గుమ్మం దగ్గర్నుంచే పంపేసిందట.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, బట్టల కొట్టు వాళ్ళ నీలం యూనిఫాం చీరలోనే అక్క కూతురు మా కొట్లోకి వచ్చింది. చంకలో పాప. వెనకాల, కొంచెం దూరంగా, అక్క. పక్కన టీచర్ గారు. కూతురు అన్నం గంటలో పరిగెత్తుకొచ్చిందని ఊపిరి చూస్తేనే తెలుస్తోంది.

"మామయ్యా, మళ్ళీ తూచండి" అంది.

"వద్దే! ఇప్పటికి పడ్డ దిష్టి చాల్లా?" అని అక్క వెనక నుంచి.

"దిష్టి తగిలితే ఉప్పు తిప్పుదాం. తగ్గితే ఏం తిప్పుదామే అమ్మా? ఆసుపత్రిలో మంచం పక్కన కింద పడుకుంది నేను, నువ్వు కాదు. మళ్ళీ పడుకోను. నువ్వు ఆటో స్టాండు దగ్గరికి బండి మార్చినంత తేలిక కాదది."

అక్కకి ఎదురు మాట్లాడిన మనిషిని ఆ వీధి అంతకు ముందు చూడలేదు. కూతురు కాబట్టి బతికి బయటపడింది. తక్కెడ వేలాడదీశాను. బెల్లమే దిగింది, మొన్నటి కన్నా కాస్త ఎక్కువే. టీచర్ గారు పాప జబ్బకి రంగుల పట్టీ చుట్టారు. అందరం తలలు ఆనించి చూశాం.

"ఎరుపా అండీ?" అంది తల్లి.

"పసుపమ్మా. ఎరుపు దాకా పోలేదు. పోయినసారి ఎరుపులో చూశాం కదా, ఇప్పుడు పసుపులోనే పట్టుకున్నాం. ఇంటి దగ్గరే తిండితో బరువు ఎక్కించుకోవచ్చు. మళ్ళీ విరేచనాలు గానీ జ్వరం గానీ వస్తే మాత్రం నన్ను అడక్కుండానే ఆసుపత్రికి వచ్చెయ్యండి."

"ఎట్టా జారిందండీ? తింటానే ఉందిగా?" అక్క గొంతులో మొదటిసారి దబాయింపు లేదు.

"ఏం తింటోందో చెప్పండి."

అక్క చెప్పడం మొదలుపెట్టింది. టీ, బన్ను, చిప్స్, బిస్కెట్టు, బెల్లం ముక్క... చెబుతూ చెబుతూ ఒక్కొక్క కొట్టు వంకే చూస్తోంది. చూసినప్పుడల్లా ఆ కొట్టాయనకి లోపల ఏదో పని గుర్తొస్తోంది. చివరికి ఆగింది. "అంటే అన్నం తప్ప అన్నీ" అంది. తనకు తనే చెప్పుకుంది, ఎవరూ అందించలేదు.

అక్క ఊరుకునే మనిషి కాదు. ఆ సాయంత్రమే బండి మా కొట్టు ముందుకి తిరిగొచ్చింది. మర్నాడు పొద్దున గరిటె ఎత్తి వీధికి శాసనం చదివింది. "నా మనవరాలి నోట్లో ఎవరన్నా బన్ను పెడితే వాళ్ళ నోట్లో ఇడ్లీ పడదు. అరువుకే కాదు, డబ్బిచ్చినా పడదు." కలెక్టరాఫీసు నుంచి వచ్చే ఉత్తర్వుల్ని ఈ వీధి అంత శ్రద్ధగా ఎప్పుడూ పాటించలేదు. అంగన్‌వాడీ నుంచి వచ్చే గుడ్డు, పాలు, పౌష్టికాహార పొడి అన్నీ పాపకే. ఇంతకు ముందు ఆ పొడి లడ్డూలై అల్లుడి టిఫిన్‌లోకి వెళ్ళేదని అప్పుడే బయటపడింది. గుడ్డు మెదిపి, గట్టి పప్పులో కలిపి, ఒక చెంచాడు నూనె పోసి, పూటకి కాస్త కాస్తగా మాటిమాటికీ పెట్టేది. కాచి చల్లార్చిన నీళ్ళ సీసా ఒకటి బండికి వేలాడుతూ ఉండేది. అది ముట్టుకున్న ముఠామేస్త్రీ రెండు రోజులు చట్నీ లేకుండా తిన్నాడు.

తర్వాతి పున్నానికి ముల్లు నడిమిన నిలబడింది. పోయింది తిరిగొచ్చింది, పెరిగిందేమీ లేదు. "అమ్మకి ఈ నెల లేదు తమ్ముడూ" అంది అక్క. పస్తు అనలేదు. "వచ్చే నెల పెడతాను" అని కొండ వైపు తిరిగి చేతులు జోడించింది. ఆ పై పున్నానికి పాప పళ్ళెం దిగింది. నేను ముక్కలు కలుపుతుంటే అక్క పక్కన నిలబడి, "ఇంకొక్కటి వెయ్యి, ఇంకొక్కటి" అని ఒకటే గొడవ. "ముల్లు అడగాలి అక్కా, నువ్వు కాదు" అన్నాను. "అబ్బో, వచ్చాడయ్యా హరిశ్చంద్రుడు" అంది, ఇడ్లీ మాత్రం ఆ రోజు రెండు ఎక్కువ పెట్టింది. టీచర్ గారు అంకె పైకి చదివారు. అక్క అడ్డు చెప్పలేదు, ఇంకోసారి చదవమంది.

ఇప్పుడు పాపకి రెండేళ్ళు దాటాయి. టీచర్ గారి కార్డులో గీత పైకే పోతోంది. ఆసుపత్రి నుంచి వచ్చిన ఇంకో ఇద్దరు పిల్లల్ని వాళ్ళ అమ్మలు మా కొట్టుకే తెస్తున్నారు, మా వీధిలో ఇలాంటి మొక్కు ఉందని ఎవరో చెప్పారట. మైలవరం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అయితే, "మా వైపు తరతరాల నుంచీ ఉందండీ ఇది, మీవాళ్ళే మా దగ్గర నేర్చుకున్నారు" అని నాతోనే వాదించింది. పై అంతస్తులు కట్టడంలో నన్ను మించినవాళ్ళున్నారని తెలిసి గర్వం అణిగింది. ఎవరెన్ని చెప్పినా తక్కెడ ఒకటే, పట్టీ ఒకటే, ముల్లు దగ్గర నేనే నిలబడుతున్నాను.

పోయిన పున్నానికి తూకం అయ్యాక పాప పళ్ళెంలోంచి దిగి, బెల్లం ముక్క ఒకటి తీసి, మునివేళ్ళ మీద లేచి నా నోట్లో పెట్టి, "తాతయ్యా" అని మెడ చుట్టూ చేతులు వేసింది. వీధి వీధంతా కళ్ళు తుడుచుకుంది.

ఇదిగో, ఇది అబద్ధం. మిగతా వాటిల్లో తరుగు తీసుకోమన్నాను, దీన్ని మాత్రం మొత్తంగా తీసెయ్యండి. గూడ్సుబళ్ళు ఆగకపోవచ్చు గానీ మెల్లగా అయినా పోతాయి. ఇది మాత్రం జరగనే లేదు. ఆ పిల్ల నన్ను తాతయ్యా అనలేదు, ఒళ్ళోకి రాలేదు, నా వంక చూసి నవ్వనైనా లేదు. పళ్ళెంలో కూర్చోబెట్టి ఊపే రాక్షసుణ్ణి నేను. నన్ను చూస్తే చాలు గుక్కపట్టి ఏడుస్తుంది. వీధి చివరి దాకా వినపడుతుంది ఆ ఏడుపు, ఇందులో కోత లేదు, ఆటో స్టాండు వాళ్ళని అడగండి. నిజంగా జరిగిందేమిటంటే, కూర్చోబెట్టబోతుంటే పళ్ళేన్ని ఫెడీమని తన్నింది. బెల్లం దిమ్మ జారి నా కాలి మీద పడింది. బొటనవేలి గోరు ఇప్పటికీ నల్లగానే ఉంది. నేను కాలు పట్టుకుని గెంతుతుంటే అక్క పిల్లని ఎత్తుకుని, "చూశావా తమ్ముడూ, ఎంత బలమో దీనికి!" అని అందరికీ వేలు పెట్టి మరీ చూపించింది.